చిన్న ట్రాక్టర్ కొనే ముందు మా అక్క రాసిన లెక్క

మా బావ మిల్లులో జాబర్. అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో టవల్ మగ్గాల మీద ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, 58 నిండాక 2024లో ఇంటికొచ్చాడు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి చేతికొచ్చింది ఏడు లక్షలు. ఆ డబ్బు బ్యాంకులో పడిన రోజు సాయంత్రమే ఇంట్లో పంచాయితీ మొదలైంది.

మా తాతలు పాలమూరు దిక్కు నుంచి షోలాపురం వచ్చిన నాడు చేతిలో గుంట భూమి లేదు. మగ్గమే భూమి, మగ్గమే పంట. బావ మాత్రం ఓవర్‌టైం పైసలు దాచి దాచి అక్కల్‌కోట్ తాలూకాలో మూడెకరాల నల్లరేగడి కొన్నాడు. ఒక ఎకరం దానిమ్మ, రెండెకరాలు కంది, జొన్న. ఒక బోరు, రెండు గదుల షెడ్డు. పక్కనే ఆయన తమ్ముడిది రెండెకరాలు. రిటైర్ అయ్యాక అక్కడే ఉండాలని బావ కోరిక.

"మామా, నలబై ఐదు హెచ్‌పీది తీస్కుందాం. మన పని మనం చేస్కుంటం, మిగిలిన దినాలు కిరాయికి తిప్పుతం" అన్నాడు మా మేనల్లుడు. బావకూ లోపల ఆశే. వాకిట్లో పెద్ద ట్రాక్టర్ నిలబడితే ఆ దర్జాయే వేరు కదా.

అక్క బీడీలు చుడుతూనే అడిగింది. "ఏడాదిల ఎన్ని దినాలు నడుస్తది రా అది?"

ఎవరూ జవాబు చెప్పలేకపోయాం.

మన పత్రిక చదివే ఇళ్ళలో ఇలాంటి పంచాయితీ చాలామందికి వచ్చేదే. షోలాపురంలో, భివండిలో, ముంబైలో, సూరత్‌లో మిల్లు డబ్బు చేతికొచ్చినవాళ్ళు ఊరి పొలం మీదో, పట్నం అంచున కొన్న చిన్న జాగా మీదో చూపు పెడతారు. ట్రాక్టర్ ఆ కలలో మొదటి వస్తువు. అందుకే మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీ లెక్క వేరే రావచ్చు, కానీ లెక్క వేసే దారి పనికొస్తుంది.

మొదట పక్కన పెట్టినవి

అక్క మొదటి పని చేసింది. మూడు లక్షలు మా మేనకోడలి పెళ్ళికని ఎఫ్‌డీ చేయించింది. "ఇవి లేవనుకోండి" అంది. మిగిలింది నాలుగు లక్షలు.

పెద్ద ట్రాక్టర్, నాగలి, కల్టివేటర్, రోటావేటర్, ట్రాలీ అన్నీ కలిపి పది లక్షలకు తేలింది. చేతిలో నాలుగు పోతే అప్పు ఆరు. నూటికి ఏడాదికి 12 వడ్డీ, అయిదేళ్ళ గడువు లెక్కన నెల కిస్తీ 13,347 రూపాయలు. అంటే ఏడాదికి లక్షా అరవై వేలు. మూడెకరాల పొలం ఇంత కిస్తీ మోయలేదు. కిరాయి దొరికితేనే బండి నిలుస్తుంది. మా చుట్టుపక్కల ఊళ్ళలో అప్పటికే కిరాయి ట్రాక్టర్లు చాలా ఉన్నాయి. కిస్తీలు కట్టలేక ఫైనాన్స్ వాళ్ళకు బండి అప్పజెప్పిన ఇంటిని కూడా మేం చూశాం.

"ఒక ఏడు కిరాయికే చేపిద్దాం. ప్రతిదీ రాద్దాం" అంది అక్క. బీడీ కార్ఖానాలో ఎన్ని వేలు చుట్టింది, ఎంత ఆకు తెచ్చింది అని ఏళ్ళ తరబడి రాసుకున్న చెయ్యి అది. రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి తెచ్చి షెడ్డులో మేకుకు వేలాడదీసింది.

ఏడాది లెక్క

2024 జూన్ నుంచి 2025 మే దాకా కిరాయికి పెట్టింది ఇది.

రెండెకరాల లోతు దుక్కి, పల్టీ నాగలితో ఒకసారి: 5,000.
అదే రెండెకరాలకు కల్టివేటర్ మూడుసార్లు: 6,000.
దానిమ్మ ఎకరంలో రోటావేటర్ ఆరుసార్లు: 9,000.
దానిమ్మకు మందు కొట్టడం, పదహారుసార్లు: 14,400.
ఎరువు, మట్టి, కట్టెలు తోలడం, ట్రాలీ ఎనిమిదిసార్లు: 8,000.

మొత్తం 42,400 రూపాయలు.

ఈ అంకె చూసి మేనల్లుడు కూడా కాసేపు మాట్లాడలేదు. 42 వేల పనికి ఏటా లక్షా అరవై వేల కిస్తీ కట్టబోయాం!

కానీ ఆ నోట్‌బుక్‌లో రూపాయల పక్కన అక్క ఇంకో గడి గీసింది. ఆ గడిలో పిలిచిన రోజు, వచ్చిన రోజు రాసింది. అసలు సంగతి అక్కడ బయటపడింది. నల్లరేగడి సంగతి దున్నిన ప్రతివాడికీ తెలుసు. వాన పడగానే బురద, అడుగు పెడితే చెప్పు ఊడిపోతుంది. ఎండితే రాయి. నడుమ మూడు నాలుగు రోజులే పదును ఉంటుంది. ఆ పదును అందరికీ ఒకేసారి వస్తుంది. కిరాయి ట్రాక్టర్ వాడు ముందు పదెకరాల ఆసామి దగ్గరికి పోతాడు, మన మూడెకరాల దగ్గరికి చివర వస్తాడు. ఆ ఏడు కంది విత్తడం తొమ్మిది రోజులు వెనకబడింది. దానిమ్మలోకి వచ్చిన పెద్ద ట్రాక్టర్ తిరిగేచోట కొమ్మలు విరిచింది, డ్రిప్ పైపులు తొక్కింది. ఆ నష్టం ఏ గడిలోనూ సరిగ్గా ఎక్కలేదు.

అట్లా ఏడాది తిరిగేసరికి ప్రశ్నే మారిపోయింది. ఎన్ని దినాలు నడుస్తుంది అన్నది కాదు, ఏ దినాలకు కావాలి అన్నది చూడాలి.

తరచూ చేసే పనికి కొనాలి, అరుదైన పనికి కిరాయి

లెక్కలో లోతు దుక్కి ఏడాదికి ఒక్కసారే. దానికి పెద్ద బండి కావాల్సిందే. చిన్న ట్రాక్టర్ బరువు తక్కువ, గట్టి నల్లరేగడిలో పల్టీ నాగలి లాగమంటే చక్రాలు అక్కడే తిరుగుతాయి. కానీ ఆ పని వేసవిలో, తొందర లేనప్పుడు చేయించుకోవచ్చు. ఒక్క రోజు పని కోసం పది లక్షల బండి ఎందుకు?

రోటావేటర్, మందు కొట్టడం, ట్రాలీ మాత్రం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. వీటికి చిన్న బండి చాలు. చెట్ల వరుసల్లో చిన్నదే మేలు. అందుకే చిన్నది కొందాం, లోతు దుక్కి కిరాయికే చేయిద్దాం అనుకున్నాం.

మీ జాగా ఎకరం లోపే అయితే ట్రాక్టర్ దాకా పోనక్కర లేదు. పవర్ వీడరో, పవర్ టిల్లరో సరిపోతుంది. దాని వెనకాల నడవాలి, చేతులు అదురుతాయి. వయసు మీరినవాళ్ళు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

షోరూంలో ఏం అడగాలి?

మన దేశంలో 15 నుంచి 30 హెచ్‌పీ లోపు చిన్న ట్రాక్టర్లు మహీంద్రా, స్వరాజ్, కుబోటా, వీఎస్‌టీ, సోనాలికా, కెప్టెన్ వంటి కంపెనీలు చాలా అమ్ముతున్నాయి. ఏది మంచిది అని నన్ను అడగొద్దు. మీ పనికి ఏది కుదురుతుందో ఈ ప్రశ్నలే చెబుతాయి.

ఒకటి, పీటీఓ హెచ్‌పీ ఎంత? బోర్డు మీద రాసేది ఇంజన్ హెచ్‌పీ. రోటావేటర్‌నూ మందు పంపునూ తిప్పేది వెనకాల ఉండే పీటీఓ షాఫ్టు. అక్కడికి చేరే బలం ఇంజన్ కంటే కొంత తక్కువ ఉంటుంది. మోటారు హెచ్‌పీ వేరు, బెల్టు దాటి మగ్గానికి అందేది వేరు అని మన మిల్లు మనిషికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

రెండు, వెడల్పు ఎంత? దానిమ్మ వరుసల నడుమ 14, 15 అడుగులు ఉన్నా, చెట్టు పెరిగి కొమ్మలు చాచాక మిగిలేది ఏడెనిమిది అడుగులే. వెనక టైర్ల బయటి అంచు నుంచి అంచుకు టేపు పెట్టి కొలవండి. రోటావేటర్ ఆ కొలత కంటే తక్కువ ఉంటే టైరు తొక్కిన చోట మట్టి అణిగే ఉంటుంది. 15, 18 హెచ్‌పీకి మూడడుగుల రోటావేటర్, 22 నుంచి 27 హెచ్‌పీకి నాలుగడుగులది మోటుగా లెక్క. సేల్స్‌మన్ మాట నమ్మి ఇంకా పెద్దది తగిలిస్తే ఇంజన్ మూలుగుతుంది.

మూడు, రెండు చక్రాల బలమా, నాలుగు చక్రాలదా? ఎర్రనేల, ఇసుక నేల, ఎండు నేల అయితే రెండు చక్రాలది నడుస్తుంది, ధర తక్కువ. మా నల్లరేగడిలో కొంచెం తడి ఉన్నా జారుతుంది కనుక ముందు చక్రాలు కూడా లాగేది తీసుకున్నాం. ముందు ఇరుసులో గేర్లు ఎక్కువ, వాటికి నూనె, ఖర్చు కూడా ఎక్కువ అని తెలిసే తీసుకున్నాం.

నాలుగు, ఎంత బరువు ఎత్తుతుంది? హైడ్రాలిక్ ఎత్తే బరువు కాగితం మీద ఏడెనిమిది వందల కిలోలు ఉండొచ్చు. ఎత్తడం ఒక్కటే కాదు, ఎత్తాక ముందు చక్రాలు తేలిపోకుండా ఉండాలి. నీళ్ళు నింపిన మందు ట్యాంకు తగిలించి చూపించమనండి.

అయిదు, మెకానిక్ ఎంత దూరం? ఇది అన్నిటికంటే ముఖ్యం. క్లచ్ ప్లేటు కోసం వారం ఆగాలంటే ఆ వారంలో పదును పోయిందన్న మాటే. కొనే ముందే ఒక రోజు సర్వీసు షెడ్డుకు పోయి, అదే బండి వాడుతున్న ఇద్దరు రైతులతో టీ తాగి మాట్లాడండి. షోరూం వాడు చెప్పని సంగతి అక్కడ తెలుస్తుంది.

ఆరు, మా పొలానికి తెచ్చి నడిపిస్తారా? అడిగితే చాలా చోట్ల తెస్తారు. మేం అడిగాం. ఒక బండి దానిమ్మ చివర గట్టు దగ్గర ఒకే తిప్పుకు మళ్ళింది, ఇంకొకటి రెండుసార్లు వెనక్కి తీయాల్సి వచ్చింది. ఎన్ని కాగితాలు చదివినా ఇది తెలిసేది కాదు.

పాత బండి అయితే

మేం మొదట పాతదే చూశాం. సగం ధర, రంగు మెరుస్తోంది. ఆర్‌సీ అడిగితే దాని మీద ఫైనాన్స్ వాళ్ళ పేరు ఇంకా ఉంది. అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ లేదు. "తర్వాత ఇప్పిస్త" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

పాతది చూసేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండగానే పోవాలి. ముందే వేడి చేసి పెట్టారంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడం కష్టమేమో అని అనుమానించాలి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని గుర్తు. బరువు ఎత్తించి పావుగంట ఆపండి, దిగజారితే హైడ్రాలిక్‌లో లోపం. గంటల మీటరు ఒక్కదాన్నే నమ్మొద్దు, అది మార్చగలిగేదే. క్లచ్ పెడల్ అరుగు, స్టీరింగ్ ఆట, టైర్లు చూస్తే నిజం వయసు తెలుస్తుంది. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో మీరే పోల్చుకోండి.

కాగితాలు, సబ్సిడీ

చిన్న ట్రాక్టర్లకు, పనిముట్లకు కేంద్రం యాంత్రీకరణ పథకం కింద రాష్ట్రాల ద్వారా సబ్సిడీ ఉంది. వర్గాన్ని బట్టి 40 నుంచి 50 శాతం, అదీ ఒక గరిష్ఠ హద్దు దాకా. మహారాష్ట్రలో మహాడీబీటీలో దరఖాస్తు పెట్టాలి. సాత్‌బారా, ఆఠ్-అ ఉతారాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ సిద్ధంగా ఉంచుకోవాలి. ముఖ్యమైన మాట ఏమిటంటే, ముందు మంజూరు కాగితం రావాలి, తర్వాతే కొనాలి. ముందే కొని బిల్లు పెడితే రాదు. మా బావ పెట్టాడు, వంతు రాలేదు. వస్తే మేలే, కానీ అది వస్తుందని నమ్మి కిస్తీ లెక్క వేసుకోవద్దు.

షెడ్యూల్డ్ కులాల, నవబౌద్ధుల స్వయం సహాయక బృందాలకు మహారాష్ట్ర సామాజిక న్యాయ శాఖ మినీ ట్రాక్టర్ పథకం వేరే ఉంది. మనలో ఆ కుటుంబాలు ఉన్నాయి. జిల్లా సమాజ కళ్యాణ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

పొలం తెలంగాణలో, మీరు షోలాపురంలో అయితే సబ్సిడీ పొలం ఉన్న రాష్ట్రంలోనే అడగాలి. ఇక్కడ రిజిస్టర్ చేసిన బండిని అక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలి, దానికి ఇక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ కావాలి. ఊళ్ళో చూసే మనిషి ఎవరో తేలకుండా మాత్రం కొనొద్దు. గ్రీజు పెట్టే చెయ్యి దగ్గర లేని బండి రెండేళ్ళలో తుప్పు.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మా ఏడాది ఆగుడుకు అది అనుకోని లాభం. ఎవరైనా పాత ధరల కాగితం చూపిస్తే ఈ సంగతి అడగండి.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సుతో ట్రాక్టర్ నడపొచ్చు. పద్నాలుగేళ్ళ పిల్లాడికి తాళం ఇచ్చి మురిసిపోకండి.

ప్రాణం సంగతి

మిల్లులో షాఫ్టుకు చిక్కిన ధోతీ కథలు మన పెద్దలు చెప్పేవాళ్ళు. ట్రాక్టర్ పీటీఓ షాఫ్టు అంతకంటే తక్కువేమీ కాదు, నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. దాని మీది ప్లాస్టిక్ తొడుగు తీసి అవతల పడేయొద్దు. చీర కొంగు, చున్నీ, లుంగీ, తువాల దాని దగ్గరికి పోకూడదు. రోటావేటర్‌లో గడ్డి ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఏదైనా లాగాలంటే కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. పైన టాప్ లింకుకు కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. అది క్షణంలో జరుగుతుంది, దూకే సమయం ఉండదు. చిన్న బండే కదా అని మడ్‌గార్డు మీద మనవడిని కూర్చోబెట్టొద్దు. అక్క ఈ ఒక్క మాట షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాసి పెట్టింది.

చివరి లెక్క

2025 దసరాకు బండి వచ్చింది. 24 హెచ్‌పీ, నాలుగు చక్రాలది. ట్రాక్టర్ 4,90,000, నాలుగడుగుల రోటావేటర్ 75,000, మందు పంపు, ట్యాంకు 35,000. మొత్తం ఆరు లక్షలు. ట్రాలీ బావ తమ్ముడి దగ్గర పాతది ఉంది. చేతి నాలుగు లక్షలు పోగా అప్పు రెండు లక్షలు. నెల కిస్తీ 4,449, ఏడాదికి దాదాపు 53,400.

అక్క కొనే ముందే రాసిన పేజీ ఇట్లా ఉంది. కిరాయి 42,400లో లోతు దుక్కి 5,000 ఎట్లాగూ పోతుంది, మిగిలేది 37,400. మా పనికి ఏడాదికి 67 గంటలు, గంటకు రెండున్నర లీటర్లు, లీటరు 92 లెక్కన డీజిల్ 15,400. సర్వీసుకు 6,000. ఇవి పోతే 16,000 మిగులు. కిస్తీకి ఏ మూలకూ రాదు.

అప్పుడు పక్కన దానిమ్మ ఉన్న ఇద్దరితో బావ మాట్లాడాడు. చెరి ఒక ఎకరం. వాళ్ళ రోటావేటర్, మందు పని మేమే చేస్తే కిరాయి 46,800, డీజిల్ 18,000 పోగా 28,800. వాళ్ళు సరేనన్నాకే అడ్వాన్సు కట్టాం. రెండూ కలిపితే 44,800. కిస్తీకి ఇంకా 8,600 తక్కువ.

"ఏటా ఎనిమిది వేల ఆరువందలు నష్టమే కదనే!" అన్నాడు బావ, నోట్‌బుక్ మూయబోతూ.

"నష్టం కాదు. అది పదునుకు కట్టే కిరాయి" అంది అక్క. "కంది తొమ్మిది దినాలు ఆలస్యమైతే ఎంత పోయిందో నీకు తెల్వదా?"

ఇప్పుడు బావ రోజూ పొద్దున్నే బండి చుట్టూ ఒక తిరుగు తిరుగుతాడు. ఆయిల్ పుల్ల తీసి చూస్తాడు, రేడియేటర్ నీళ్ళు చూస్తాడు, ఎయిర్ క్లీనర్‌లో దుమ్ము చూస్తాడు, నిప్పిళ్ళకు గ్రీజు కొడతాడు. మిల్లులో షిఫ్టు ఎక్కే ముందు మగ్గం చుట్టూ తిరిగినట్టే. అది ముప్పై ఏళ్ళ అలవాటు. మన ఇళ్ళ నుంచి పొలానికి పోయేవాళ్ళకు ఉన్న పెద్ద ఆస్తి బహుశా అదే.

మేనల్లుడు అప్పుడప్పుడు పెద్ద బండి ముచ్చట ఇంకా తీస్తుంటాడు. అక్క మేకు దిక్కు చూపిస్తుంది. అక్కడ కొత్త నోట్‌బుక్ వేలాడుతోంది.